అప్ప ఊపిరి

మాఘ శుద్ధ సప్తమి. ఎండ షిఫ్టు.

రామకోటి పుస్తకంలో రామనామం తప్ప మరొకటి రాయకూడదు. ఇరవై ఆరేళ్ళుగా రాయలేదు. ఈ రోజు రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి, ఈ పుస్తకం తప్ప నాకు ఎవరూ లేరు.

ఈ రోజు మిల్లు మూడో ద్వారం దగ్గర మా చెల్లెలు నూకరత్నం బదులు నేను ఊదాను.

నా పని ద్వారం దగ్గరే. షిఫ్టుకు వచ్చిన ప్రతి మనిషీ ఇనుప రేకు మీద అరచెయ్యి పెట్టి గొట్టంలో ఊదాలి. బోర్డు మీద ఊపిరి బలం అంకెగా వెలుగుతుంది. యాభై ఉంటే తలుపు తెరుచుకుంటుంది. తగ్గితే తెరుచుకోదు. ఆ మనిషి పని కార్డు అక్కడితో ఆగిపోతుంది. వారంలో మిల్లు కాలనీ గది ఖాళీ చెయ్యాలి. నేను గొట్టానికి తగిలించే నోటిముక్కలు వేడినీళ్ళలో కడిగి అందిస్తాను. షిఫ్టు మొదలయ్యే ముందు నా వైపు ఉన్న చిన్న గొట్టంలో మూడుసార్లు ఊది, యంత్రం సరిగా ఉందో లేదో చూస్తాను. రెండు గొట్టాలూ లోపల ఒకటే.

రత్నానికి నిన్న యాభై మూడు వచ్చింది. రాత్రంతా దగ్గింది. ఈ రోజు గొట్టం నోట పెట్టుకుని నా వైపు చూసింది. చిన్నప్పుడు ఏరు దాటుతుంటే నా చంకలోంచి నీళ్ళకేసి అలాగే చూసేది. నేను వంగి నా గొట్టంలో ఊదాను. మరీ గట్టిగా కాదు. డెబ్బై రెండు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

మా నాన్న ధనుర్మాసంలో శంఖం ఊదుకుంటూ వీధులు తిరిగేవాడు. కొడుకులు లేరు గనక నాకు నేర్పాడు. యాభై ఆరేళ్ళు వచ్చినా, పొద్దున్నే ఒక్క ఊపిరికి ముప్పైరెండు నామాలసేపు శంఖం నిలుస్తుంది. మనసులో లెక్క పెట్టుకుంటాను. ఊపిరి దేవుడిచ్చింది. దొంగతనం నాది.

ఈ గడిలో శ్రీరామ అని రాసి, కింద చిన్నక్షరాలతో రత్నం పేరు రాశాను. మిల్లుని నడిపే కాపరి అనే యంత్రానికి తెలియకపోయినా రాముడికి తెలియాలి.

మాఘ శుద్ధ దశమి. ఎండ షిఫ్టు.

మూడు రోజులు, మూడు గడులు.

పొద్దున్న దేవుడి అర తుడిచాను. కాలనీలో అగరొత్తి నిషేధం, నూనె దీపం నిషేధం. చిన్న బల్బు వెలిగించి దణ్ణం పెట్టుకుంటాం. గదిలోకి జల్లెడ పట్టిన గాలి గొట్టంలోంచి వస్తుంది. అయినా రాముడి పాదాల దగ్గర రోజూ సన్నటి మెరుపు పొడి ఉంటుంది. రత్నం బట్టల్లోంచి వస్తుంది. తడిగుడ్డతో అద్దాలి, ఊదకూడదు. ఊదితే లేస్తుంది.

దేశం నలుమూలల్లో ఆయువు తీరిన సోలార్ పలకలన్నీ ఓడల మీద ఇక్కడికే వస్తాయి. దంపుడు హాలులో వాటిని పొడి చేసి వెండి తీస్తారు. మిగిలేది గాజుపొడి. రత్నం అక్కడే పదకొండేళ్ళుగా చేస్తోంది.

అన్నం తింటూ అడిగాను. "ఎన్నాళ్ళు ఊదమంటావే?"

"ఈ షిఫ్టు మారిందాకా ఊదప్పా. షిఫ్టు మారినపుడల్లా నాకు నిద్దర పట్టదు, తిన్నది అరగదు. ఆ నాలుగు రోజులే దగ్గు. మళ్ళీ సర్దుకుంటాది."

"సర్దుకోకపోతే?"

తను కంచం వైపే చూసింది. "నన్ను దిగువపేటకి తోలీయకప్పా. నడిపప్ప అక్కడెలగ పోయిందో నువ్వూ సూసినావు, నానూ సూసినాను."

మా నడిపి చెల్లెలు వరాలు. ఎనిమిదేళ్ళ కిందట కార్డు ఆగి దిగువపేట రేకుల ఇంట్లో పోయింది. మిల్లు పంకాలు హాలులోని పొడిని లాగి బయటికి తోస్తాయి. గాలివాటాన అది దిగువపేట మీదే పడుతుంది. ఆఖరి వారం వరాలు పడుకోలేదు. పడుకుంటే ఊపిరి ఆడదు. కూర్చునే పోయింది, నా భుజానికి ఆనుకుని.

ఊదుతానన్నాను.

మాఘ పౌర్ణమి. చీకటి షిఫ్టు మొదటి రోజు.

రత్నంతో పాటు హాలులో చేసే చిన్నమ్మి పగటిపూట మా గదికి వచ్చింది. ఆ పిల్లకు ఇద్దరు బిడ్డలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అప్పా, నాకూ ఒక్కసారి," అంది. కాలనీ అంతా నన్ను రత్నంలాగే అప్పా అంటుంది, అక్కా అన్నట్టు.

రత్నం తల తిప్పుకుంది. ఎవరు చెప్పారో అర్థమైంది.

"ఒక్కసారి అంటే ఎన్నిసార్లు?"

చిన్నమ్మి నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు నవ్వు కన్నా ఎక్కువసేపు ఉంది.

ఆ రాత్రి వరసలో నేను చిన్నమ్మికి ఊదడం దాలినాయుడు గమనించాడు. హాలులో అందరికన్నా పెద్ద నోరు అతనిదే. పంకాల మోత దాటి వినపడే గొంతు ఉండాలని ఎవరో పందెం వేసినట్టు మాట్లాడతాడు. గొట్టం అందుకుని నా చెవి దగ్గర మాత్రం మెల్లగా అన్నాడు. "అప్పా, నాది నాను ఊదుకుంటాను. నీ ఊపిరి దేవుడి పాటలకి దాసుకో. రేపు నా పెళ్ళాం నన్ను సూసి, ఈ మొగుడి గుండెలో ఆడమనిసి ఊపిరుందేటని అడిగితే ఏటి సెప్పుకోను?"

డెబ్బై ఆరు ఊదాడు. మీసం దువ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు.

మాఘ బహుళ సప్తమి. చీకటి షిఫ్టు.

పదకొండు మంది. కాదనడం నాకు రాదు. ఒకళ్ళకి ఇచ్చి ఒకళ్ళకి లేదని ఎలా అంటాను. ప్రతి గడిలో పేరు రాస్తున్నాను.

ఒక మంచి సంగతి. వంటింటి కిటికీ అద్దంలోంచి ఈ రోజు కొండ కనపడింది. నాలుగేళ్ళ తరవాత. ముందు మబ్బు అనుకున్నాను. తరవాత చెట్లు విడివిడిగా కనిపించాయి. కాలనీలో అందరూ అద్దాల దగ్గర చేరారు. దిగువపేటలో బట్టలు బయట ఆరేసుకున్నారట.

గాలి శుభ్రపడుతోంది. రామచంద్రా, విన్నావు. రెండు వేల నామాలు రాశాను.

మాఘ బహుళ ఏకాదశి. తొలి షిఫ్టు.

ఇరవై ముగ్గురు. హాలులో ఉన్నది నలభై మంది.

ద్వారం పైన కాపరి బోర్డు ఉంటుంది. దాన్ని నేను రోజూ చూడను, నా కళ్ళు గొట్టాల మీద ఉంటాయి. ఈ రోజు తుడవడానికి నిచ్చెన ఎక్కి చదివాను.

"దంపుడు హాలు. ఊపిరి సగటు 74. గాలి బాగుంది. పంకాలు: ఎనిమిదిలో నాలుగు."

పోయిన నెల ఎనిమిదికి ఎనిమిదీ తిరిగేవి. ఆ మోతకి ద్వారం దగ్గర మాట వినపడేది కాదు. నా నామజపం నాకే వినపడుతోందేమిటా అని ఈ మధ్య అనుకున్నాను.

నిచ్చెన దిగాను. అప్పటికింకా పూర్తిగా అర్థం కాలేదు.

ఫాల్గుణ శుద్ధ తదియ. తొలి షిఫ్టు.

గాలి ఇంజనీరు వచ్చింది. రజియా అని కర్నూలు వైపు పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. నా గొట్టాలు విప్పి చూసి మళ్ళీ బిగించింది.

"యంత్రం బాగానే ఉందమ్మా. అంకెలూ బాగున్నాయి. కానీ దవాఖానాకు వచ్చేవాళ్ళు రెండింతలయినారు. ఎట్లనో తెలియడం లేదు."

"హాలులో దుమ్ము కొలిచేది ఏమీ లేదా?" అన్నాను.

"పెట్టినాం. గాజుపొడికి మూడు రోజుల్లో ఆ కళ్ళన్నీ గుడ్డివై పోయె. అందుకే మనుషుల ఊపిరితో కొలవడం మొదలుపెట్టింది కాపరి. ఊపిరి తగ్గితే దుమ్ము ఉన్నట్టు, పంకాలు పెంచుతుంది. ఊపిరి బాగుంటే తగ్గిస్తుంది. తగ్గిస్తే ఊరికి మంచిది కదా."

ఆ పిల్ల చెబుతూ కొండ వైపు చూసింది. "ఎంత బాగుందో," అంది.

కడిగిన నోటిముక్క చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. తీయబోతే చెయ్యి కాలింది. కాలిందని తరవాత తెలిసింది.

కొండ మీద ఉండాల్సిన దుమ్ము ఎక్కడికీ పోలేదు. హాలులో ఉంది. వాళ్ళ గుండెల్లో ఉంది.

చెబుదామని నోరు తెరిచాను. రత్నం ముఖం కనిపించింది. మూసుకున్నాను.

ఫాల్గుణ శుద్ధ చవితి. తొలి షిఫ్టు.

దాలినాయుడు ఈ రోజు జోకు వెయ్యలేదు. గొట్టం పట్టుకుని రెండుసార్లు ఊపిరి కూడదీసుకున్నాడు. యాభై ఒకటి.

"నాయుడూ, రేపు నేను ఊదుతాను," అన్నాను.

"అలగంటావేటప్పా. నిన్న మా మరదలింట్లో రొయ్యల కూర ఎక్కువ తినీసినాను. అదే అడ్డం పడతంది."

తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "కొండ సూసినావా? మా పిల్లగుంటలు దాని బొమ్మేసినారు. ఇన్నాళ్ళూ కొండంటే కతలోదే అనుకున్నారు."

ఫాల్గుణ శుద్ధ షష్ఠి. తొలి షిఫ్టు.

పదిన్నరకి హాలు లోపలి తలుపు కొట్టారు. నలుగురు మోసుకొచ్చారు. దాలినాయుడి పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. జుట్టు నిండా మెరుపు. బల్ల మీద పడుకోబెట్టబోతే వద్దని చెయ్యి ఊపాడు. కూర్చోబెట్టమన్నాడు.

వరాలు అలాగే కూర్చునేది.

నా భుజానికి ఆనించుకున్నాను. ఏదో అనబోయాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. మాటకి గాలి చాలలేదు. డాక్టరు వచ్చేలోపే పోయాడు.

ఆ మనిషి నా దగ్గర ఒక్క ఊపిరి కూడా తీసుకోలేదు. అతని పేరు ఈ పుస్తకంలో ఏ గడిలోనూ లేదు.

ఈ రోజు నామం రాయలేకపోయాను.

ఫాల్గుణ శుద్ధ అష్టమి. సెలవు.

దాలినాయుడి భార్య దగ్గరికి వెళ్ళాను. గోడకి పిల్లలు వేసిన కొండ బొమ్మ ఉంది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీ వొళ్ళో పోనాడంట కదప్పా, పున్యాత్ముడు," అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకని అడుగుతుంది.

అక్కడి నుంచి తిన్నగా రజియా గదికి వెళ్ళాను. పుస్తకం బల్ల మీద పెట్టాను. నిలబడే అంతా చెప్పాను. ఎంతో సేపు పట్టలేదు.

ఆ పిల్ల పేజీలు తిప్పింది. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివింది. తిట్టలేదు. తిడితే బాగుండును.

"ఇరవై ముగ్గురి కార్డులూ ఆగుతాయి కదా," అన్నాను.

"మీరు ఒక్కొక్కళ్ళని బయటపెడితే ఆగుతాయమ్మా." పుస్తకం మూసింది. "ఒక నియమం ఉంది. హాలు మనుషుల్లో సగానికి మించి ఒకే షిఫ్టులో యాభైకి తగ్గితే అది మనుషుల లోపం కాదు, గాలి లోపం. అప్పుడు హాలు ఆపాల. ఎవరి కార్డూ ఆగదు. పంకాలు ఎనిమిదీ తిప్పాల."

"ఆ నియమం ఎప్పుడైనా వాడారా?"

"లేదమ్మా. అందరూ ఒకేసారి తగ్గరు కదా. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తగ్గుతారు. తగ్గినవాళ్ళు పోతారు, కొత్తవాళ్ళు వస్తారు. సగటు ఎప్పుడూ బాగానే ఉంటుంది."

దాలినాయుడు పోయాక హాలులో ముప్పై తొమ్మిది మంది. ఇరవై మంది తగ్గాలి. ఒకే షిఫ్టులో, వాళ్ళ సొంత ఊపిరితో.

"ఇంకొకటి," అంది రజియా. "నిన్నటి దాకా బాగున్న ఊపిరి ఇవాళ పడిపోతే కాపరి నమ్మదు. గొట్టం చెడిందని కొట్టేస్తుంది. పాత అంకెలు అబద్ధమని చూపించాల. ఈ పుస్తకం కావాల. ఇచ్చినాక మీ కార్డు ఆగుతుంది. దానికి నియమం ఏమీ లేదు."

శ్రీరామనవమికి కోటి నిండాల్సిన పుస్తకం.

"ముందు వాళ్ళని అడగాలి," అని పుస్తకం తీసుకుని వచ్చేశాను.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి. ఎండ షిఫ్టు.

పొద్దున్న కాలనీ టీ గదిలో చేరాం. ఇరవై ముగ్గురూ వచ్చారు. విషయం చెప్పి, ఎల్లుండి అందరూ సొంత ఊపిరితోనే ఊదాలన్నాను.

అందరిలో పెద్దవాడు గవరయ్య. "ఆ పుస్తకం పొయ్యిలో ఎట్టీ అప్పా. ఇంక ఊదకు. ఎవులి కరమ వోలు పడతారు," అన్నాడు.

"ఈ కాలనీలో పొయ్యెక్కడుంది మావా," అంది చిన్నమ్మి. "అగ్గిపుల్లే దొరకదు."

ఒకరిద్దరు నవ్వారు. గవరయ్య నవ్వలేదు. "నవ్వండి. అందరం కలిసి ఊదుదుమని ఇక్కడ తలకాయలూపుతారు. ఎల్లుండి వొరసలో ముందు నిలబడ్డోడు తగ్గితే, ఎనకనున్నోడు భయపడి జారిపోతాడు. అప్పుడు ముందోడి గది పోద్ది. నానెరగనా మనోల్ని."

అతను చెప్పింది అబద్ధం కాదు. దేవుడు చూసుకుంటాడని అనబోయాను, నోరు రాలేదు. ఇన్నాళ్ళూ చూసింది ఆయనే.

"ఎవులి పేరు ఎన్నిసార్లుందప్పా?" అని అడిగింది రత్నం. ఆ మాట అడిగేదాకా తను మూల కూర్చుని ఉంది.

"నీది ముప్పై ఒకటి."

"దేవుడి పేరు కింద నా పేరు ముప్పై ఒక్కసారి. పున్నెమంతా నాకే వొచ్చుంటాది." దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుని లేచింది. "నాయుడన్న నాకు రోజూ తన కేరేజీలో సేపముక్క ఎట్టీవోడు. ఆడి గాలి నాను తినీసినాను. ఎల్లుండి నాను ఊదుతాను. ఎవులొచ్చినా రాకపోయినా."

అని వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఏమనుకున్నారో ముఖాలు చూసి తెలుసుకోలేకపోయాను.

ఆ తరవాత షిఫ్టు నడిచింది. ఇరవై మూడు గడులు.

ఫాల్గుణ శుద్ధ చతుర్దశి. ఎండ షిఫ్టు.

వరసగా రాస్తాను.

మొదట గవరయ్య నిలబడ్డాడు. వెనకకు జారతారన్న మనిషి అందరికన్నా ముందు వచ్చాడు. అరచెయ్యి రేకు మీద పెట్టి గొట్టం నోట పెట్టుకున్నాడు. అలవాటుగా నా వైపు చూసి ఆగాడు. నేను రెండు చేతులూ వేడినీళ్ళలో ముంచి ఉంచాను. అతను కళ్ళు మూసుకుని ఊదాడు. నలభై నాలుగు. ఎర్ర దీపం. తలుపు తెరుచుకోలేదు. గోడ పక్కన నిలబడ్డాడు.

చిన్నమ్మి, నలభై ఏడు.

మూడోవాడు ఎప్పుడూ నా ఊపిరి తీసుకోనివాడు. అరవైలో ఉండేవాడు. నలభై ఎనిమిది. బోర్డుని చూసి, గొట్టాన్ని చూసి, నన్ను చూశాడు. "ఏటిది," అన్నాడు. గోడ పక్కకి వెళ్ళమని చెప్పాను. అతనికి ఇవేమీ తెలియవు.

ఒకరు లోపలికి. ఇద్దరు గోడకి. ఇద్దరు లోపలికి. నలుగురు గోడకి. నేను పేరు రాయనివాళ్ళు ఎనిమిది మంది తగ్గారు. వాళ్ళు తమ ఊపిరితోనే ఊదుతూ వచ్చారు, తమ ఊపిరే తగ్గిపోతోందని వాళ్ళకే తెలియదు. అప్పటికి నాకున్న భయం చాలదనిపించింది.

ఇద్దరు రాలేదు. వాళ్ళ పేర్లు రాయను.

వరస చివర రత్నం. అప్పటికే గోడ పక్కన ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. సరిపోయింది. రత్నం తగ్గినా తగ్గకపోయినా నియమానికి తేడా లేదు. ఆ ఆలోచన రాగానే నా చెయ్యి నీళ్ళలోంచి లేచి చిన్న గొట్టం దాకా వెళ్ళింది. డెబ్బై రెండు ఊదితే తలుపు తెరుచుకుంటుంది. గాలి లోపం అని కాపరి ఒప్పుకోకపోయినా, తనొక్కదాని గది అయినా నిలుస్తుంది.

"తీసీ అప్పా, సెయ్యి," అంది రత్నం.

తీశాను.

ఊదింది. ఆ ఊదడంలో చప్పుడే లేదు.

ఇరవై తొమ్మిది.

నా చెల్లెలి గుండెలో మిగిలింది అంతే. ముప్పై మూడు రోజులు నేను దాచింది అది.

కాపరి బోర్డు మారింది. "గొట్టం లోపం. అంకెలు చెల్లవు. మళ్ళీ ఊదండి."

రజియా అక్కడే ఉంది. పుస్తకం చాపాను. తీసుకునే ముందు దణ్ణం పెట్టి తీసుకుంది, మసీదుకు వెళ్ళే పిల్ల. ఒక్కో పేజీ కాపరి కెమెరా కన్ను ముందు పట్టి తిప్పసాగింది. తేదీ, పేరు, తేదీ, పేరు. మూడు గంటలు పట్టింది. ఇరవై తొమ్మిది మంది గోడ పక్కన కింద కూర్చున్నారు. ఎవరి గది ఉంటుందో ఎవరిది పోతుందో తెలియదు. చిన్నమ్మి దగ్గితే గవరయ్య తన సీసాలో నీళ్ళిచ్చాడు. నేను రామ అనలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను.

మూడుంపావుకి బోర్డు మారింది.

"దంపుడు హాలు. సరిచేసిన సగటు 43. గాలి లోపం. హాలు ఆపబడింది. కార్డులు నిలుస్తాయి. పంకాలు: ఎనిమిదిలో ఎనిమిది."

దాని కింద ఇంకో వరస. "మూడో ద్వారం మనిషి. కార్డు ఆపబడింది."

పంకాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. ఎనిమిదోది అందుకునేసరికి ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. గవరయ్య నా ముందుకొచ్చి ఏదో అన్నాడు. పెదవులు కదలడం చూశాను, అంతే.

ఈ కాగితాలు రజియా ఇచ్చింది. విడి కాగితాల మీద రాస్తున్నాను.

ఫాల్గుణ బహుళ పంచమి.

గది ఖాళీ చేశాను. నా సామాను శంఖం, రాముడి పటం, రెండు చీరలు, గిన్నెలు. రత్నం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నానూ వొస్తాను."

"ఇరవై తొమ్మిదితో దిగువపేటలో ఎన్నాళ్ళుంటావే."

"నువ్వెన్నాళ్ళుంటావు?"

"నాది శంఖం ఊదిన గుండె."

"పెద్ద సెప్పొచ్చినావు." నా సంచీ లాక్కుని అందులో తన ముసుగుగుడ్డలు నాలుగు కుక్కింది. ముఖం చూపించలేదు. "రోజూ పొద్దున్న ఊదు. ఇనపడకపోతే కంచె దూకి వొచ్చీస్తాను. నీ దేవుడి మీద ఒట్టు."

చైత్ర శుద్ధ నవమి. దిగువపేట.

ఈ రోజు కోటి నిండాలి. నిండలేదు. పదకొండు వేలు తక్కువ. పుస్తకం మిల్లులో ఏదో బీరువాలో ఉంది. గుడికి చేరదు. రజియా చేత కబురు పంపాను, అక్కడే ఉంచమని. ఇంకో హాలులో ఎవరైనా ఎవరికైనా ఊదుతుంటే చూపించడానికి పనికొస్తుంది.

హాలు మళ్ళీ తెరిచారు. రత్నానికి హాలు బయట తడిపని ఇచ్చారు, పలకలు కడగడం. పొద్దున్న కంచె దగ్గరికి వచ్చింది. పానకం సీసాలో తెచ్చి కంచె సందులోంచి ఇచ్చింది. ఊపిరి ముప్పై మూడు అయిందట.

"అప్పా, నీ శంఖానికి మా లైనంతా నిద్దర సెడిపోతంది. చీకటి షిఫ్టు సేసొచ్చినోలు తిట్టుకుంటన్నారు," అంది.

"ఆపెయ్యనా?"

"తిట్టుకోనీ."

మిరియాల ఘాటుకి ఇద్దరం దగ్గాం. తన దగ్గు నా దాని కన్నా ముందు ఆగింది.

కొండ లేదు. పంకాలు ఎనిమిదీ తిరుగుతున్నాయి, ఆ పొడి అంతా మా రేకుల మీద సన్నగా రాలుతోంది, వాన కాని వానలా. పటం మీద రోజుకు మూడుసార్లు తడిగుడ్డ అద్దుతున్నాను. ఎదురింటి పిల్లలు కొండ ఏదని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రజియా మళ్ళీ ఏదో అర్జీ రాస్తోంది. పంకాల నోళ్ళకు జల్లెడలు పెట్టించాలని. రాయమన్నాను. చేవ్రాలు చేశాను.

ఒక్కోసారి పంకాల మోత కాస్త తగ్గినట్టు అనిపించి ఉలిక్కిపడి లేస్తాను. చెవి పెట్టి వింటాను. ఎనిమిదీ వినపడ్డాక పడుకుంటాను. ఈ మోత ఆగితే లోపల వాళ్ళు ఆగిపోతారు. ఆగకపోతే ఇక్కడ మేము. రెండు భయాల మధ్యా చాప పరుచుకున్నాను.

పొద్దున్న శంఖం ఊదాను. ఇరవై ఎనిమిది నామాలు. గొంతు సరిగా లేదేమోనని మంచినీళ్ళు తాగి మళ్ళీ ఊదాను. ఇరవై ఎనిమిదే.

రత్నం కంచె అవతల నుంచి వింటుంది గానీ లెక్కపెట్టదు. తనకు చెప్పలేదు. కానీ దాచిపెట్టి ఏమయిందో చూశాను. వచ్చే సెలవు రోజున చెబుతాను.

ఈ రోజు కొత్త పుస్తకం మొదలుపెట్టాను. మొదటి గడిలో శ్రీరామ అని రాశాను. కింద చిన్నక్షరాలతో, సింహాద్రమ్మ అని నా పేరు రాశాను.